ప్రాక్టీస్ నేర్చుకోడానికి పొలం అమ్మాలా?

గెలాక్సీ_పొడి
మాది చీమకుర్తి. వైజాగ్‌లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, అయ్యి మూడేళ్లయింది. ఇప్పుడు ఒంగోలులో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్ ఉద్యోగం, జీతం 14 వేలు. రాత్రిళ్లు ఇంట్లో సొంత పని చేసుకుంటాను. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల బయట పారబోసే స్లర్రీ ఉంటుంది చూశారూ, ఆ బూడిదరంగు బురద, దాన్ని తెచ్చి ఎండబెట్టి జల్లెడ పట్టి, పలకల్లాగా పోసి వాటి మీద గీస్తాను. సగం పగిలిపోతాయి. పగిలినవి కూడా పారెయ్యలేదు, మంచం కింద ఉన్నాయి.

ఆ పగిలినవాటి ఫొటోలు పెట్టి లండన్‌లో ఒక కాలేజీకి అప్లై చేస్తే సీటొచ్చింది. ఏడాది ఎంఏ, కాంటెంపరరీ ఆర్ట్ ప్రాక్టీస్. ఫీజే 40 లక్షలకు దగ్గర, ఖర్చులతో 60 దాకా తేలుతుంది. డిపాజిట్ కట్టడానికి 19 రోజులు టైముంది. రోడ్డు పక్క ఎకరన్నర అమ్మేద్దాం అంటున్నాడు నాన్న, మిగతాది లోను. కానీ నిన్న రాత్రి అన్నం తింటూ ఒక మాట అడిగాడు: "ప్రాక్టీస్ అంటున్నావు గదా, ప్రాక్టీస్ ఇంట్లో చేసుకుంటే రాదా?"

నేను కంచం వైపు చూస్తూ కూర్చున్నాను. మీలో ఎవరి దగ్గరైనా జవాబుందా?

ఒంగోలు_గిత్త
ముందు నాన్నగారికి ఒక లైకు.

కావలి_కలం
మా బాబాయి లాయరు. ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసే. ఇంకా నేర్చుకుంటానే ఉన్నాడు.

ఫ్లెక్సీ_రాజా
14 వేలా? ఏ షాపు బాబూ? మా దగ్గరికి రా, 16 ఇస్తా. ఓణీల ఫంక్షన్ల సీజన్‌లో ఓటీ వేరే.

బరోడా_బండి
బరోడాలో ఎంవీఏ, అంటే ఆర్ట్‌లో పీజీ, చేసొచ్చి ఇప్పుడు నెల్లూరులోనే ఉంటున్నాను. తమ్ముడూ, మీ నాన్నగారి ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెప్తాను. ఇంట్లో చేసుకున్నా వస్తుంది. కాకపోతే ఇంట్లో నీ పని చూసి "ఇది కుదర్లేదు, ఎందుకు కుదర్లేదంటే" అని చెప్పేవాడు ఉండడు. అమ్మ బాగుందంటుంది. చుట్టాలు మా పిల్లాడి బొమ్మ వెయ్యి అంటారు.

మాకు మొదటి సెమిస్టర్ నుంచే క్రిటిక్ అని పెట్టేవాళ్లు. నెల రోజుల పని గోడకు తగిలించి పక్కన నిలబడాలి, నోరెత్తకూడదు. పదిమంది నీ ముందే నీ పని గురించి మాట్లాడుకుంటారు. పెన్నా మీద పెద్ద పెద్ద కాన్వాసులు వేసుకుని మహా గర్వంగా నిలబడ్డాను నేను. ఒక సీనియర్ వాటిని అటూ ఇటూ చూసి, కింద పడున్న నా నోట్‌బుక్కు తీశాడు. అందులో మా మేనమామ మైపాడులో చేపల బుట్టల లెక్క రాసుకునే తీరు నేను కాపీ చేసుకున్న పేజీ ఒకటుంది. అయిదు గీతలు, అడ్డగీత, పక్కన చుక్కలు. "ఇదెందుకు గోడ మీద లేదు?" అన్నాడు. ఆ రాత్రి అన్నం సయించలా. తర్వాత రెండేళ్లూ నేను చేసిందంతా ఆ పేజీలోంచి వచ్చిందే.

ప్రాక్టీస్ అంటే నాకర్థమయింది అదే. ఏ బొమ్మకాబొమ్మ కాకుండా, ఒకే ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి దాని చుట్టూ తిరగడం. నీకు ఆ స్లర్రీ ఎట్టాగూ దొరికింది. సగం మందికి రెండో సంవత్సరం దాకా ఏదీ దొరకదు.

అయితే క్రిటిక్ కోసం లండనే పోవాలా? శాంతినికేతన్ కళాభవన 1919 నుంచి ఉంది, బరోడా ఫైన్ ఆర్ట్స్ 1950 నుంచి. మన పెయింటర్లు లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాదులో చదువుకుని బరోడా పోయినవాళ్లే. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ మేస్టారి దగ్గర నేర్చుకుని తిరిగొచ్చి వైకుంఠం వేసింది ఎవర్ని? తన తెలంగాణ పల్లె ఆడవాళ్లనే.

గెలాక్సీ_పొడి
@బరోడా_బండి తమ్ముడు కాదన్నా, చెల్లి.
@ఫ్లెక్సీ_రాజా బాబు కూడా కాదు.

బరోడా_బండి
సారీ తల్లీ. జల్లెడ, మంచం కింద పగిలిన పలకలు అనేసరికి ఎవరో మొండి కుర్రాడనుకున్నా.

కావలి_కలం
మొండితనానికి ఆడా మగా ఏంది బండన్నా.

ఒంగోలు_గిత్త
నేను చేదుగానే చెప్తా, ఏమనుకోకు చెల్లీ. మా పెద్దమ్మ కొడుకు ఇట్టాగే డిజైన్ ఎంఏ అని పోయాడు. కాలేజీ పేరొద్దులే. ఏడాది అన్నారు, చూస్తే మూడు టర్ములు, మధ్యలో సెలవులు. వారానికి మేస్టారు కనపడేది అరగంట. స్టూడియోలో వీడికిచ్చిన బల్ల మా ఇంటి ఇస్త్రీ బల్లంత. ఇప్పుడు గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. బొమ్మ గీసి ఏడాదిన్నరయిందట. బ్యాంకు వడ్డీ మా పెదనాన్న కడుతున్నాడు, ఆయన పెన్షన్‌లోంచి.

ఎకరన్నర పోతే మళ్లీ రాదు. ఆర్ట్ రేపు కూడా ఉంటుంది.

థేమ్స్_నెల్లూరు
గిత్తన్న చెప్పింది జరగలేదనను. అందరికీ అదే జరుగుతుందంటే మాత్రం ఒప్పుకోను. నేను అదే ఊళ్లో, అటువంటి కోర్సే చేశా. మా క్లాసులో ఒకామె యాభై దాటిన నర్సు, ఒకతను బేకరీ ఓనరు, ఇద్దరు ఆర్కిటెక్టులు. బొమ్మలు వెయ్యడం ఎవరూ నేర్పరు. "నువ్వెందుకు ఇది చేస్తున్నావు, ఇప్పుడే ఎందుకు, ఎవరి కోసం" అని ఏడాదంతా తవ్వుతారు. మొదటి మూడు నెలలు నాకు కోపం. తర్వాత అలవాటయింది. ఆ తర్వాత అది లేకపోతే తోచలేదు.

డబ్బు సంగతి వేరే, దాని గురించి అబద్ధం చెప్పను. లండన్‌లో ఉండాలంటే నెలకు 1,500 పౌండ్ల పైన లెక్కన తొమ్మిది నెలలది బ్యాంకులో చూపించాలి, వీసాకి. హెల్త్ సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు. చదువయ్యాక ఉద్యోగానికి ఉండనిచ్చే వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. నీ కోర్సు అయ్యేది ఆ తర్వాతే కాబట్టి నీకు 18 నెలలు అనుకునే లెక్కేసుకో. ఆ 18 నెలల్లో ఆర్ట్ ఉద్యోగం దొరికి పొలం డబ్బు తిరిగొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నాకు రాలేదు. నాది స్కాలర్‌షిప్ కాబట్టి బతికిపోయా.

అప్పు చేసి పోవద్దు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు గానీ, పోయినందుకు నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు. రెండూ నిజమే.

ఒంగోలు_గిత్త
@థేమ్స్_నెల్లూరు స్కాలర్‌షిప్ మీద పోయినోళ్లంతా ఇట్టాగే మాట్లాడతారు.

థేమ్స్_నెల్లూరు
అదీ కరెక్టే. హహ.

ఉదయగిరి_గరిటె
మీరంతా పోయేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. వచ్చేవాళ్ల గురించి నేను చెప్తా.

మా ఇంట్లో మూడు తరాలుగా చెక్క స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. ఇప్పుడు ఎక్కువ మా ఆడవాళ్లే. నర్ది, బిక్కి కర్ర కొండ మీంచి తేవాలి. బాడిశతో ముక్క చెక్కి, ఉలితో పువ్వు తీసి, ఆకురాయి పెట్టి నున్నగా చేస్తే ఒక ఫోర్కు. ఈ పని మా ఊరిదేనని గుర్తించే జీఐ ట్యాగ్ వచ్చిందని ఊరంతా సంబరపడ్డాం. కర్ర తెచ్చుకోడం మాత్రం అప్పటికీ ఇప్పటికీ అదే అవస్థ.

ఏడాదికోసారి ఎవరో డిజైన్ విద్యార్థులు వస్తారు. పది రోజులుంటారు. మా అత్త చేతుల్ని దగ్గర్నించి ఫొటో తీస్తారు. ముఖం తియ్యరు. చేతులే. పుస్తకం అచ్చేసి పంపుతామని అందరూ చెప్పిపోతారు, ఒక్కటీ ఇంటికి రాలా. ఒకమ్మాయి ఫోర్కు పిడి మీద పువ్వు తీసేసి "మినిమల్" చెయ్యమంది. మినిమల్ అంటే ఏందిరా అని మా అత్త నన్నడిగింది. పని తక్కువ అని చెప్పా. "పని తక్కువైతే కూలీ కూడా తక్కువేగా, నాకొద్దు" అంది.

చెల్లీ, రేపు నువ్వు ఎంఏ చేసి మా ఊరొచ్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో.

కావలి_కలం
మీ అత్తకే ఎంఏ ఇచ్చెయ్యొచ్చు.

కందుకూరు_కుంచె
గరిటె అన్నా, తల దించుకుని రాస్తున్నా. నేను ఎం.డెస్ చేశా, డిజైన్‌లో పీజీ. మాకు క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అని ఒక పేపరుంది. మా టీమ్ పోయింది మీ ఊరికి కాదు, ఒక చేనేత ఊరికి. పుస్తకం పంపుతామని చెప్పొచ్చిన బాపతే నేనూ. నాలుగు కాపీలు అచ్చేశాం, రెండు లైబ్రరీకి, రెండు మార్కులకి. నేతగాడికి ఒక్కటీ లేదు. ఇవాళ పీడీఎఫ్ ప్రింటు తీయించి పోస్టు చేస్తా. నిజంగా.

ఇక గెలాక్సీకి. నువ్వు ఆర్ట్ వైపే ఎందుకు చూస్తున్నావు? ఫ్లెక్సీ షాపులో మూడేళ్లు చేశావంటే నీకు డిజైన్ కూడా తెలుసు. సీడ్ అని డిజైన్ పీజీకి ఎంట్రన్స్ పరీక్ష ఉంది, అది రాయి. ఐఐటీ బొంబాయి పెడుతుంది, జనవరిలో ఉంటుంది. డిగ్రీ ఉంటే చాలు, వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. పార్ట్ ఎ కంప్యూటర్ మీద, పార్ట్ బి చేత్తో బొమ్మలు. ఆ స్కోరుతో బొంబాయి ఐఐటీలోని డిజైన్ స్కూలు ఐడీసీ, హైదరాబాద్ ఐఐటీ, ఇంకా చాలాచోట్ల ఎం.డెస్‌కి వెళ్లొచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అదే ఎన్‌ఐడీకి వేరే పరీక్ష. లండన్ ఫీజు కంటే చాలా తక్కువతో బయటపడొచ్చు. బయటికొచ్చాక ఉద్యోగం కూడా ఉంటుంది.

గెలాక్సీ_పొడి
అక్కా, డిజైన్ అంటే నాకు భయం లేదు. ఫ్లెక్సీ అంటేనే విసుగు. అసలు రోజూ ఏం చేస్తానో చెప్పనా? బర్త్‌డే ఫ్లెక్సీ వస్తుంది. పుట్టినరోజు కుర్రాడిది పెద్ద ఫొటో. పైన పెద్ద నాయకులు గుండ్రాల్లో వరసగా. కింద శుభాకాంక్షలు తెలిపేవాళ్లు, ఇరవై, ముప్పై మంది. ఎవరి తల ఎంత సైజో, ఎవరి పక్కన ఎవరో, అంతా ముందే తేలుండాలి. ఒకసారి ఒకాయన తల పక్కాయన తలకంటే నాలుగు మిల్లీమీటర్లు చిన్నదయింది. రాత్రి పదకొండుకి షాపు ముందు ఆరు బళ్లొచ్చి ఆగాయి. మళ్లీ వేసిచ్చాం, 12 బై 8, మా ఓనరు సొంత ఖర్చుతో. ఆమధ్య ఫ్లెక్సీల నిషేధం అన్నప్పుడు షాపులో అందరికీ టెన్షన్. నాకు మాత్రం లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

బరోడా_బండి
చెల్లీ, ఆ తలల సైజులు ఎక్కడైనా రాసిపెట్టావా?

గెలాక్సీ_పొడి
షాపు సిస్టంలో మూడేళ్ల ఫైళ్లన్నీ ఉన్నాయి. ఎందుకన్నా?

బరోడా_బండి
నువ్వు రాతిపొడి చూపించి సీటు తెచ్చుకున్నావు. ఈ తలల సంగతి ఎవరికీ చెప్పనేలేదు. ప్రకాశం జిల్లాలో ఎవరు ఎవరికంటే ఎంత పెద్దో మిల్లీమీటర్లలో కొలిచి పెట్టిన రికార్డు నీ దగ్గరుంది. నా నోట్‌బుక్కు కథ ఎందుకు చెప్పాననుకున్నావు?

ఫ్లెక్సీ_రాజా
ఓనరు పర్మిషన్ లేకుండా ఫైళ్లు బయటికి తీస్తే ఊరుకోరు చెల్లీ. ఎలక్షన్లప్పుడు అసలే వద్దు. షాపు మూసుకోవాల్సొస్తుంది. నేను సరదాగా అనట్లా.

కందుకూరు_కుంచె
రాజా అన్న చెప్పింది వినాలి. ముఖాలు తీసేసి ఖాళీ గుండ్రాలు మాత్రం వాడుకోవచ్చేమో, అదీ అడిగాకే.

వెంకటగిరి_జరీ
ఇంతసేపు చదివా. చేనేత ఊరు అనగానే ఉలిక్కిపడ్డా. కుంచె అక్కా, ఆ ఊరు మాది కాదు కదా?

కందుకూరు_కుంచె
కాదమ్మా. మీది జామ్దానీ చీరల నేత, మేం పోయింది లుంగీల ఊరు.

ఒంగోలు_గిత్త
వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లా కదా, ఈ నెల్లూరు ప్రకాశం గ్రూపులో ఏం పని?

వెంకటగిరి_జరీ
జిల్లా మారింది 2022లో. చీర మారలా. మరి చీరాల వాళ్లని బాపట్లకి పంపించేశారా మీరు?

అడ్మిన్
జిల్లాల గొడవకి వేరే థ్రెడ్ ఉంది. అక్కడ ఇప్పటికే 400 పోస్టులున్నాయి, అక్కడ కొట్టుకోండి.

రాయి_మేస్త్రి
నేను చీమకుర్తిలోనే ఒక యూనిట్‌లో పాలిషింగ్ లైన్ చూస్తా. మీకెవరికీ పట్టని మాట ఒకటి చెప్తా. పాపా, ఆ పొడి జల్లెడ పట్టేటప్పుడు మూతికి ఏం కట్టుకుంటున్నావు? చున్నీ అయితే లాభం లేదు. మన చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి ఒక్కటే అయితే కొంత నయం, కానీ యూనిట్లలో బయటి గ్రానైట్ కూడా కోస్తారు, స్లర్రీ అంతా ఒకే గుంటలో కలుస్తుంది. అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ రాదు. మా లైన్‌లో ఇద్దరు దగ్గుతో మానేశారు. ఎన్95 పెట్టుకో. ఎండబెట్టి జల్లించడం మానేసి నీళ్లలో కలిపి బట్టలో వడకట్టు, పొడి లేవదు. గ్యాంగ్‌సా, అంటే దిమ్మలు కోసే పెద్ద రంపం, దాని దగ్గరి బురద తీసుకోవద్దు, దాన్లో ఇనప రజను, సున్నం ఉంటాయి. నీ పలకలు పగిలేది అందుకేనేమో.

ఇంకోటి. మనం గ్రానైట్ అంటాం గానీ మన గెలాక్సీ అసలు గ్రానైటే కాదంట. జియాలజీ సార్లు వచ్చినప్పుడు చెప్పారు, గాబ్రో జాతి. ఆ మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం.

గెలాక్సీ_పొడి
@రాయి_మేస్త్రి చున్నీయే అన్నా. మూడేళ్లుగా. రేపే మాస్కులు తెస్తా. ఈ మాట నాకు కాలేజీలో గానీ, సీటిచ్చిన ఇంటర్వ్యూలో గానీ ఎవరూ చెప్పలేదు. మెటీరియల్ గురించి నలభై నిమిషాలు అడిగారు.

పెన్నా_గట్టు
గాబ్రో అనగానే నిద్ర మత్తు వదిలింది. నేను కుండలు చేస్తా, నెల్లూరు నుంచి చెన్నై తిరుగుతుంటా. ఈ జాతి రాళ్లలో ఇనుము, సున్నం, మెగ్నీషియం ఎక్కువ. పొడి మెత్తగా నూరి మట్టి మీద పూసి 1,250 డిగ్రీల దాకా కాలిస్తే కరుగుతుంది, గోధుమ నలుపు గ్లేజు, అంటే గాజులాంటి పూత, వస్తుంది. పలకలాగా పోస్తే పగులుతుందన్నావు, పగలక ఏం చేస్తుంది, అంటించే జిగురే లేదుగా దాన్లో. కాల్చి చూడు.

చెన్నై గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. సిరామిక్, ప్రింట్, శిల్పం అన్నిటికీ స్టూడియోలున్నాయి. ఆర్టిస్టులు దరఖాస్తు పెట్టుకుని చేసుకోవచ్చు. ఊళ్లోనే ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, 1850లో పెట్టింది, అక్కడా ఎంఎఫ్‌ఏ ఉంది. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కితే ఇడ్లీ టైముకి దిగుతావు. మన వాళ్లకి మద్రాసు ఎప్పుడూ పక్కూరే, అట్టాంటిది ఇన్ని పోస్టుల్లో ఎవరూ ఆ పేరే ఎత్తలేదు. లండన్ మాత్రం అందరికీ గుర్తొచ్చింది.

థేమ్స్_నెల్లూరు
గట్టన్న తిట్టింది నన్నేనా? సరే. చెల్లీ, సీటు పోగొట్టుకోవద్దు, ఏడాది వాయిదా ఇస్తారేమో అడుగు, కొన్ని కాలేజీలు ఇస్తాయి. ఈలోపు స్కాలర్‌షిప్పులకి పెట్టు. చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఉంది, ఇంగ్లండ్‌లో కళలు చదివే మనవాళ్ల కోసమే. జర్మనీ కూడా చూడు. ప్రభుత్వ అకాడమీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వైమార్‌లో బౌహౌస్ యూనివర్సిటీలో పబ్లిక్ ఆర్ట్ మీద ఎంఎఫ్‌ఏ ఇంగ్లిషులోనే ఉంది. నీ ఫ్లెక్సీ తలలు అక్కడ చూపించు, వదిలిపెట్టరు.

ఒంగోలు_గిత్త
మళ్లీ ఫారినే.

థేమ్స్_నెల్లూరు
పొలం అమ్మకుండా ఫారిన్.

ఒంగోలు_గిత్త
అట్టయితే నాకేం అభ్యంతరం లేదు.

(పదహారు రోజుల తర్వాత)

గెలాక్సీ_పొడి
అందరికీ ఒకేసారి రాస్తున్నా. వాయిదా అడిగాను. మెయిల్ రాయడానికి రెండు రోజులు పట్టింది. నాలుగో రోజు జవాబొచ్చింది, వచ్చే ఏడాదికి ఉంచుతామన్నారు, ఫీజు మాత్రం అప్పటిది కట్టాలట. సీడ్‌కి కూడా కడదామనుకుంటున్నా, కుంచె అక్క ఫోన్‌లో గంట మాట్లాడింది. మా ఓనరుని ఫైళ్ల గురించి అడిగా. ముఖాలూ పేర్లూ ఉండకూడదు, షాపు పేరు అసలు ఉండకూడదు, ఆ షరతు మీద సరేనన్నాడు. ఎందుకని రెండుసార్లు అడిగాడు. సరిగ్గా చెప్పలేకపోయా.

శనివారం నాన్నని తీసుకుని చెన్నై పోయా. గట్టన్న తన స్నేహితుల కొలిమిలో ఆరు ముక్కలు పెట్టించాడు. రెండు అతుక్కుపోయాయి. ఒకటి బుడగలొచ్చి పాడయింది. రెండు ఏ రంగూ లేకుండా మట్టిలాగే ఉన్నాయి. ఆరోది తీసి నాన్న చేతిలో పెట్టా. నల్లగా, ఒక అంచున తేనె రంగు. ముప్పై ఏళ్లు ఆ రాళ్ల మధ్య ఉన్న మనిషి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. చుక్కలేవి అన్నాడు. చుక్కలు కరిగిపోయాయి నాన్నా అన్నా. కరగకుండా చెయ్యలేవా అన్నాడు.

రైల్లో ఆ ముక్క నాకివ్వలా. జేబులోనే పెట్టుకున్నాడు.

బరోడా_బండి
ఆ ప్రశ్న రాసిపెట్టుకో.

రాయి_మేస్త్రి
చుక్కలు పోకూడదంటే పొడిగా నూరకూడదు పాపా. పలుకులుగా కొట్టి పైన చల్లి, తక్కువ సెగ పెట్టి చూడండి. మా యూనిట్‌లో ముక్కలు గుట్టలుగా ఉన్నాయి, ఎన్ని కావాలన్నా తీసుకుపో.

పెన్నా_గట్టు
తక్కువ సెగలో గ్లేజు కరగదు మేస్త్రీ. కింద వేరే గ్లేజు వేసి పైన పలుకులు చల్లితే ఏమో. నాకూ చూడాలనుంది.

ఉదయగిరి_గరిటె
కుంచె అక్క దగ్గర్నించి ఆ చేనేతాయనకి పుస్తకం అందిందా?

కందుకూరు_కుంచె
అందింది. ఫోన్ చేశాడు. 31వ పేజీలో పడుగు లెక్క తప్పు రాశామంట.

గెలాక్సీ_పొడి
@పెన్నా_గట్టు అన్నా, ఒంగోలు నుంచి చెన్నైకి ఆర్టీసీ కార్గోలో రెండు బస్తాల రాళ్లు వేస్తే ఎంత తీసుకుంటారు? బుకింగ్‌లో ఏం సరుకని రాయాలి?

కావలి_కలం
ప్రాక్టీస్ అని రాయి.